కందీలు

తెలంగాణ పల్లెల్లో లాంతరును కందీలు అంటారు. పొద్దుగూకగానే గాజుబుడ్డీని ముగ్గుతో తుడిచి, వత్తి కత్తిరించి, దూలానికి వేలాడదీయడం మా చిన్నతనంలో ఇంటింటా చూసిన పనే. నిజాముల కాలపు ఉర్దూ మనకు ఇచ్చిపోయిన మాటల్లో ఇదొకటి. ఉర్దూలో కందీల్, అరబ్బీలో కిందీల్. ఇంకా వెనక్కి వెళితే గ్రీకు, లాటిను భాషలు తగులుతాయనీ, ఆంగ్లంలోని క్యాండిల్ దీనికి దూరపు చుట్టమనీ భాషావేత్తలు చెబుతారు.

2016 మార్చిలో ఈ మాట నాకు ఒక మనిషి పేరుగా ఎదురైంది. టీ20 ప్రపంచకప్పులో భారత పాకిస్తాన్ జట్లు కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో తలపడబోతున్న రోజులవి. అఫ్రిదీ జట్టు గనక భారత్‌ను ఓడిస్తే వలువలు విడిచి నాట్యం చేస్తానని ఒక పాకిస్తానీ యువతి ఫేస్‌బుక్కులో ప్రకటించిందనీ, ఆమె పేరు కందీల్ బలోచ్ అనీ మన చానెళ్ళు రోజంతా ఊదరగొట్టాయి. మార్చి 19న భారత్ 6 వికెట్ల తేడాతో గెలిచింది. ఆ తరువాత ఆమె కన్నీళ్ళు పెట్టుకున్న వీడియో కూడా మనకు వినోదమే అయింది. పేరు చూసి ముచ్చటపడ్డాను, మనిషిని చూసి నవ్వుకున్నాను. నాలుగు నెలలు తిరగకుండానే జూలై 16న ఆమె హత్యావార్త చదివాను. ఈ వ్యాసం కొంతవరకు నా ఆ నవ్వుకు నేను ఇచ్చుకుంటున్న సంజాయిషీ.

కందీల్ అన్నది ఆమె తనకు తాను పెట్టుకున్న పేరు. కన్నవారు పెట్టిన పేరు ఫౌజియా అజీమ్. ఫౌజియా అంటే విజేత. 1990 మార్చి 1న పాకిస్తానీ పంజాబులో, డేరా ఘాజీ ఖాన్ జిల్లాలోని షా సద్రుద్దీన్ అనే ఊళ్ళో పుట్టింది. అటు సులేమాన్ కొండలు, ఇటు సింధు నది. నడుమ సరాయికీ మాట్లాడే బీద పల్లెలు. లాహోరు వైభవానికీ ఈ దక్షిణ పంజాబుకూ సంబంధం తక్కువ. భూస్వాముల మాట, తెగ పెద్దల పంచాయితీ, పరువు అన్న మూడింటి మీద నడిచే సమాజం అది. పెద్ద కుటుంబం, చాలని రాబడి.

పదిహేడు పద్దెనిమిదేళ్ళ వయసులో, 2008లో, పెళ్ళయింది. ఒక కొడుకు పుట్టాడు. ఈ పెళ్ళి గురించి మనకు రెండు కథనాలు ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు బలవంతాన చేశారనీ, భర్త కొట్టేవాడనీ, చదువుకుంటానంటే ఒప్పుకోలేదనీ ఆమె చెప్పుకొంది. కాదు, అది ప్రేమ వివాహమేననీ, నెత్తుటితో రాసిన ఉత్తరాలు తన దగ్గర ఉన్నాయనీ ఆ మాజీ భర్త పత్రికలతో అన్నాడు. రెండింటిలో ఏది ఎంత నిజమో తేల్చే అధికారం నాకు లేదు. నెత్తుటి ఉత్తరాలు నిజమే అనుకున్నా, ఆ ఉత్తరాలు రాసిన పిల్లే బిడ్డను ఎత్తుకుని ఆ ఇల్లు విడిచి ప్రభుత్వం నడిపే దారుల్ అమాన్‌లో తలదాచుకుందన్న సంగతి మారదు. దారుల్ అమాన్ అంటే శాంతి నిలయం. దిక్కులేని ఆడవాళ్ళు చేరే ఆశ్రయం. కొంతకాలానికి బిడ్డ తండ్రి దగ్గరికి వెళ్ళిపోయాడు, ఆమె ఒంటరిగా మిగిలింది.

తరువాతి కొన్నేళ్ళ చరిత్ర మసక మసకగానే దొరుకుతుంది. దూరప్రాంతాలకు వెళ్ళే బస్సుల్లో ప్రయాణికులకు నీళ్ళూ తినుబండారాలూ అందించే పరిచారికగా పనిచేసింది. ఆపైన మోడలింగులోకి, చిన్నాచితకా వేదికలమీదికి. ఫౌజియా కందీల్ అయింది ఈ మలుపులోనే. 2013లో పాకిస్తాన్ ఐడల్ అనే పాటల పోటీ ఎంపికలకు వెళ్ళింది. పాట బాగా రాలేదు, న్యాయనిర్ణేతలు వద్దన్నారు. వేదిక దిగి ఆమె ఏడ్చిన ఏడుపును కెమెరా వదల్లేదు. ఆ దృశ్యం దేశమంతా తిరిగింది. ఆమెకు తొలి కీర్తి అపజయం వల్ల, అందునా నవ్వులపాలైన అపజయం వల్ల వచ్చింది. నవ్వినా సరే, చూస్తున్నారు కదా అన్న సత్యం అప్పుడే గ్రహించిందేమో. తరువాత మూడేళ్ళూ ఆమె చేసినదంతా ఆ గ్రహింపు మీద కట్టిన వ్యాపారం.

ఇక్కడ కాస్త సాంకేతిక చరిత్ర చెప్పుకోవాలి, లేకపోతే ఈ కథ సగమే అర్థమవుతుంది. ప్రవక్తను కించపరిచిన ఒక చలనచిత్రం మీద చెలరేగిన గొడవతో 2012 సెప్టెంబరులో పాకిస్తాన్ ప్రభుత్వం యూట్యూబును నిషేధించింది. ఆ నిషేధం 2016 జనవరి వరకు కొనసాగింది. 2014 ఏప్రిల్‌లో అక్కడ 3జీ, 4జీ తరంగాల వేలం జరిగింది. అంటే అంతర్జాలం మొదటిసారిగా పల్లెటూరి కుర్రవాడి జేబులోకి చేరిన ఆ రెండేళ్ళూ దేశంలో యూట్యూబు అధికారికంగా లేదు. చేతిలోకి కొత్తగా వచ్చిన కిటికీ ఫేస్‌బుక్కు ఒక్కటే. ఆ కిటికీలో ఆమె కనబడింది. పడకమీద పడుకుని, ఫోను ఎత్తి పట్టుకుని, మూతి సున్నాలా చుట్టి, వచ్చీరాని ఆంగ్లంలో 'నేను ఎలా ఉన్నాను?' అని అడిగేది. అంతే. అందులో కథ లేదు, పాట లేదు, నటన అనదగ్గదీ లేదు. అయినా చూశారు. చూసి తిట్టారు, తిట్టి మళ్ళీ చూశారు. చనిపోయేనాటికి ఆమె పుటను అనుసరించేవారు దాదాపు 7 లక్షలని పత్రికలు రాశాయి.

సినిమాకు నిర్మాత కావాలి, టీవీకి సిఫారసు కావాలి, పత్రికలో రాయడానికి భాష కావాలి. ఈ మూడూ లేని బస్సు పరిచారికకు ఫోను ఒక్కటీ చాలింది. ఇందులో చిన్నచూపు చూడదగింది ఏదీ నాకు కనబడదు. పైగా అప్పటి ఆమె సంపాదన మీద ఆధారపడినవాళ్ళు ఎందరో. ముల్తానులో అద్దె ఇల్లు తీసి తల్లిదండ్రులను అందులో ఉంచింది ఆమే. పరువు పోతోందన్న బంధువులు ఆ డబ్బును మాత్రం తిప్పి పంపినట్టు నేను ఎక్కడా చదవలేదు.

పాకిస్తాన్ పట్టణాల్లో చదువుకున్న వర్గం ఆమెను చూసి ఎక్కువగా నవ్వింది ఆమె ఆంగ్లాన్ని. ధనవంతుల ఇళ్ళ ఆడపిల్లలు ఫ్యాషన్ ప్రదర్శనల్లో అంతకన్నా పొట్టి దుస్తులు వేసుకుంటే అది కళ. ఈమె చేస్తే అది బజారుతనం. ఉచ్చారణలో దొర్లే తప్పు మనిషి పుట్టుకను పట్టిస్తుంది కదా! ఇది మనకు తెలియని జబ్బేమీ కాదు. యాసను బట్టి మనిషిని తూచే తక్కెడలు మన దగ్గరా కావలసినన్ని ఉన్నాయి.

2016 ఫిబ్రవరిలో నాటి అధ్యక్షుడు మమ్నూన్ హుస్సేన్ ప్రేమికుల రోజు మన సంప్రదాయం కాదు, దానికి దూరంగా ఉండమని దేశ ప్రజలకు హితవు చెప్పారు. దానికి కందీల్ ఎర్రని గౌను వేసుకుని వీడియోలో బదులిచ్చింది. జనాన్ని బయటికి పోకుండా ఆపగలరేమో గానీ ప్రేమించకుండా ఆపలేరని ఆ మాటల సారాంశం. అదే వచ్చీరాని ఆంగ్లం. దేశాధ్యక్షుడికి ఎదురు సమాధానం చెప్పిన ఆ నోరు ఎనిమిదేళ్ళ క్రితం భర్త ఇంట్లో మూతపడిన నోరే. నాకు తెలిసినంతలో ఆమె జీవితంలో వ్యాపారం రాజకీయంగా మారిన క్షణం ఇదే. ఆమె కావాలనే అలా చేసిందా, లేక ఆ వారం అందరూ మాట్లాడుకుంటున్న సంగతి కనుక అందుకుందా అంటే, రెండూ కావచ్చు. ఆపై కొద్ది నెలల్లో తనను తాను నేటి కాలపు స్త్రీవాదిగా చెప్పుకోవడం మొదలుపెట్టింది.

టీవీ చానెళ్ళు ఆమెను పిలవడం అప్పటికే అలవాటు చేసుకున్నాయి. ఒక పక్క ఆమె, మరో పక్క మతపెద్ద. ఇద్దరి మధ్యా మంట పెట్టి రేటింగులు కాచుకునే పద్ధతి. అలాంటి ఒక కార్యక్రమం ద్వారా ముఫ్తీ అబ్దుల్ కవీ అనే ముల్తాను మతగురువుతో పరిచయమైంది. ఆయన పండుగకు నెలవంకను నిర్ధారించే రుయతె హిలాల్ కమిటీ సభ్యుడు. 2016 జూన్‌లో, రంజాను ఉపవాసాల రోజుల్లో, కరాచీలో ఒక హోటలు గదిలో ఆయనను కలిసి, ఆయన టోపీని తన నెత్తిన పెట్టుకుని సెల్ఫీలు తీసి లోకం మీదికి వదిలింది. దేశం పగలబడి నవ్వింది. ఈసారి నవ్వు ఆమె మీద కాదు. ముఫ్తీ గారి కమిటీ సభ్యత్వం ఊడింది.

బలవంతుడిని నవ్వులపాలు చేసినవాళ్ళను లోకం ఎలా శిక్షిస్తుందో ఆ తరువాతి నాలుగు వారాల్లో చూడవచ్చు. ఎవరో ఆమె పాస్‌పోర్టు, జాతీయ గుర్తింపు కార్డుల నకళ్ళు పత్రికల చేతికిచ్చారు. అవి అచ్చయ్యాయి, టీవీ తెరలకెక్కాయి. అసలు పేరు ఫౌజియా అజీమ్. తండ్రి పేరు ఫలానా. ఊరు షా సద్రుద్దీన్. వెంటనే విలేఖరులు ఆ ఊరికి పరుగెత్తారు, మాజీ భర్తను వెదికి పట్టుకున్నారు, కొడుకు సంగతి బయటపెట్టారు.

నా మటుకు నాకు ఈ కథలో అన్నింటికన్నా భయంకరమైన ఘట్టం ఇదే. అంతవరకూ కందీల్ బలోచ్ అనే మనిషి ఎక్కడినుంచి వచ్చిందో లోకానికి తెలియదు. ఊళ్ళో కొందరు గుర్తుపట్టే ఉంటారు. కానీ గుసగుస వేరు, అచ్చుకెక్కడం వేరు. కందీల్ చేసే పనులకు కందీల్ ఒక్కతే జవాబుదారు. గుర్తింపు కార్డు బయటికి రాగానే ఆమె ఫలానావారి కూతురు, ఫలానావారి చెల్లెలు, ఫలానావాడి మాజీ భార్య అయిపోయింది. వాళ్ళందరి పరువూ ఆమె ఒంటిమీదికి వచ్చి చేరింది. బలోచ్ అన్న పేరు ఆమె ఎలా పెట్టుకుంటుందని కోపగించినవాళ్ళు కూడా బయలుదేరారు. పత్రికలకు ఇదంతా రెండు రోజుల సరుకు. కాపాడగలిగేదీ, పొట్టన పెట్టుకోగలిగేదీ ఒక కాగితం ముక్కే అని ఎన్ని దేశాల చరిత్రలు చెప్పలేదు!

ప్రమాదం ఆమెకు తెలియకపోలేదు. లాహోరులో విలేఖరులను పిలిచి, తనకు బెదిరింపులు వస్తున్నాయనీ రక్షణ కావాలనీ చెప్పింది. దేశీయాంగ మంత్రికి అర్జీ పెట్టుకుంది. రక్షణ రాలేదు. రంజాను పండుగ అయ్యాక తల్లిదండ్రులతో సహా విదేశానికి వెళ్ళిపోతానంది. ఈలోగా జూలై మొదటి వారంలో 'బ్యాన్' అనే పాట వీడియోలో నటించింది. తన మీద నిషేధాలు కోరేవాళ్ళను ఎగతాళి చేసే పాట. యూట్యూబు తిరిగి వచ్చిన ఏడాదే కనుక అందులోనే విడుదలైంది. పాటల పోటీలో ఓడిపోయిన పిల్లకు మూడేళ్ళ తరువాత దక్కిన తొలి వృత్తి వేషమనాలి దీన్ని. అదే చివరిదీ అయింది.

పండుగకు ముల్తానులోని తల్లిదండ్రుల ఇంటికి వెళ్ళింది. జూలై 15 రాత్రి, తమ్ముడు వసీం ఆమెకు మత్తు ఇచ్చి, నిద్రలో ఊపిరాడకుండా చేసి చంపాడు. ఆమెకు 26 ఏళ్ళు. వసీం ఊళ్ళో మొబైల్ ఫోన్ల దుకాణం నడిపేవాడు. అక్క వీడియోలు ఏ పరికరంలో చూసి స్నేహితులు అతణ్ణి దెప్పేవారో, ఆ పరికరాన్ని అమ్ముకునే బతుకు అతనిది. పట్టుబడ్డాక పోలీసులు అతణ్ణి విలేఖరుల ముందు నిలబెడితే, చేసినదానికి సిగ్గుపడటం లేదనీ, ఆడపిల్లలు పుట్టింది ఇంటిపట్టున ఉండి కుటుంబానికి పేరు తేవడానికనీ చెప్పాడు. తండ్రి ముహమ్మద్ అజీమ్ కొడుకు మీద ఫిర్యాదు ఇచ్చాడు. నా కూతురే నాకు కొడుకు, మా అందరినీ పోషించింది, చివరికి తనను చంపినవాణ్ణి కూడా పోషించింది అని ఆయన వాపోయాడు. క్షమించేది లేదన్నాడు.

ఈ క్షమాపణ అన్న మాట దగ్గర మళ్ళీ ఆగాలి. 1990లో ఆర్డినెన్సుగా వచ్చి, 1997లో శాసనంగా స్థిరపడిన ఖిసాస్, దియత్ నిబంధనల ప్రకారం పాకిస్తానులో హత్యానేరానికి బాధితులు మృతుల వారసులు. వాళ్ళు ప్రతీకార శిక్ష కోరవచ్చు, రక్తధనం పుచ్చుకోవచ్చు, ఊరికే క్షమించనూ వచ్చు. వైరి కుటుంబాల నడుమ పగలు చల్లార్చడానికి ఇది పనికివస్తుందని సమర్థించేవారు ఉన్నారు. కానీ పరువు హత్యల్లో చంపినవాడూ, క్షమించవలసినవాడూ ఒకే కంచంలో తింటారు. కొడుకు కూతుర్ని చంపితే తల్లిదండ్రులు ఉన్న ఒక్క కొడుకును ఉరికంబానికి ఎక్కిస్తారా? 2004లో చట్టాన్ని సవరించి పరువు హత్యను విడిగా నిర్వచించారు గాని ఈ కన్నం పూడ్చలేదు. మన దేశంలో హత్య రాజ్యానికి వ్యతిరేకంగా జరిగిన నేరం. కుటుంబం రాజీపడినా కేసు పోదు. 2018లో మిర్యాలగూడలో కూతురి భర్తను తండ్రి చంపించిన కేసు 2025 మార్చిలో నల్లగొండ న్యాయస్థానంలో ఒకరికి మరణశిక్షతో, ఆరుగురికి యావజ్జీవంతో ముగిసింది. మన పరువు పిచ్చి తక్కువదని ఈ మాట అనడం లేదు. చట్టం ఆ పిచ్చికి తలుపు తీసి పెట్టలేదని మాత్రమే అంటున్నాను.

విచిత్రమేమంటే 2016 ఫిబ్రవరి చివరిలోనే షర్మీన్ ఒబైద్ చినోయ్ ఇదే విషయంపై తీసిన లఘుచిత్రానికి ఆస్కారు వచ్చింది. తండ్రీ బాబాయీ కాల్చి నదిలో పడేసినా బతికి బయటపడి, చివరికి పెద్దల ఒత్తిడికి లొంగి వాళ్ళను క్షమించిన ఒక అమ్మాయి కథ అది. ప్రధాని నవాజ్ షరీఫ్ ఆ చిత్రం చూసి చట్టం మారుస్తామని మాటిచ్చారు. మాట ఇచ్చిన నాలుగు నెలలకూ బిల్లు కదల్లేదు. కందీల్ చనిపోయాక కదిలింది. 2016 అక్టోబరు 6న పార్లమెంటు ఉభయసభలూ కలిసి కొత్త చట్టం చేశాయి. హత్య పరువు పేరిట జరిగిందని రుజువైతే, వారసులు క్షమించినా యావజ్జీవ శిక్ష తప్పదన్నది దాని సారం.

ఆ చట్టానికి కారణమైన మనిషి హత్య మాత్రం ఆ చట్టానికి మూడు నెలల ముందు జరిగింది. పాత చట్టంలో, వారసులు క్షమించినా న్యాయమూర్తి తన విచక్షణ మేరకు శిక్షించే వీలు ఒకటి ఉండేది. దాని ఆధారంగానే ప్రభుత్వం తానే ఫిర్యాదీగా చేరి, కుటుంబానికి క్షమించే హక్కు లేకుండా చేశామని ప్రకటించింది. కేసు మూడేళ్ళు నడిచింది. ముఫ్తీ కవీని 2017లో అరెస్టు చేసి బెయిలు మీద విడిచిపెట్టారు. 2019 ఆగస్టులో తల్లిదండ్రులు న్యాయస్థానానికి అఫిడవిట్ సమర్పించారు. కొడుకును క్షమించామనీ, కేసు కొట్టివేయమనీ. మూడేళ్ళ క్రితం క్షమించేది లేదన్న తండ్రే. ఆయనను నిందించడానికి నా నోరు రాదు. పోషించే కూతురు మట్టిలో కలిసింది, కొడుకు జైల్లో ఉన్నాడు, వార్ధక్యం మీదపడింది. ఆ స్థితిలో మనిషి దేన్ని క్షమిస్తాడో, దేనికి లొంగుతాడో బయటివాళ్ళకు తెలియదు. న్యాయస్థానం ఆ విన్నపాన్ని తోసిపుచ్చింది. సెప్టెంబరు 27న వసీంకు యావజ్జీవ శిక్ష విధించింది. ముఫ్తీ సహా మిగిలిన నిందితులను నిర్దోషులుగా విడిచిపెట్టింది.

ఆమె మరణానంతరం ఆమెను గురించి మాట్లాడే స్వరం మారింది. లాహోరులో, కరాచీలో కొవ్వొత్తులు వెలిగించారు. 2017లో ఆమె జీవితం ఆధారంగా సబా కమర్ కథానాయికగా 'బాఘీ' అనే ధారావాహిక వచ్చింది. 2018లో సనం మహర్ అనే పాత్రికేయురాలు ఆమె జీవితం మీద ఆంగ్లంలో ఒక మంచి పుస్తకం రాసింది. బతికుండగా ఆమె ఆంగ్లాన్ని చూసి నవ్విన వర్గమే ఇప్పుడు ఆమెను ధీరవనిత అంది. తప్పు పట్టను, నేనూ ఆ వరుసలో నిలబడినవాడినే. కానీ ఆమె రక్షణ అడిగిన ఆ రెండు వారాల్లో ఈ గొంతుల్లో సగం వినబడి ఉంటే ఏమై ఉండేదన్న ఊహ మాత్రం వదలదు.

అప్పీలు లాహోరు హైకోర్టు ముల్తాను ధర్మాసనం ముందుకు వచ్చింది. సాక్షులు మాట మార్చారు. వసీం ఒప్పుకోలు చట్టం కోరే తీరులో లేదన్నారు, కనుక అది సాక్ష్యంగా నిలవలేదు. ఒప్పుకోలు లేకపోతే పరువు కోసమే చంపాడని రుజువు చేసేదేమీ మిగల్లేదు. పరువు మాట రుజువు కాకపోతే ఇది మామూలు హత్య. మామూలు హత్యను వారసులు క్షమించవచ్చు. తల్లిదండ్రుల క్షమాపణ పత్రం సిద్ధంగానే ఉంది. కెమెరాల ముందు ఏ తడబాటూ లేకుండా వసీం చెప్పిన మాటలను దేశమంతా చూసింది. న్యాయస్థానం లెక్కలో మాత్రం అవి లేవు.

ఫౌజియా అజీమ్ ఎవరి మనిషి అన్న ప్రశ్నకు భర్త, పత్రికలు, తమ్ముడు తలా ఒక జవాబు చెప్పారు. చివరికి చట్టమూ అదే జవాబు చెప్పింది: కుటుంబానిది. ఆమె ప్రాణం పోగొట్టుకున్నందుకు క్షమించే హక్కు వాళ్ళకు దక్కింది. హంతకుడికి ఆరేళ్ళ లోపే విడుదల దక్కింది. ఆ తీర్పు వెలువడింది 2022 ఫిబ్రవరి 14న. ఎర్రగౌను వీడియోకు సరిగ్గా ఆరేళ్ళు.